అధ్యాయం పైన ఆ నాలుగు వాక్యాలు

మా అమ్మాయి ఇప్పుడు తొమ్మిదో తరగతి. ఏడో తరగతిలో ఈ స్కూల్లో చేరింది. అంతకుముందు మా ఊళ్లో తెలుగు మీడియమే. ఈ సంగతి ముందే చెప్పడానికి కారణం ఉంది. ఇంగ్లీషులో ఏదైనా అర్థం కాకపోతే మిగతా పిల్లలు ‘ఇది కష్టంగా ఉంది’ అంటారు. మా అమ్మాయి ‘నాకు రాదు’ అంటుంది. రెండు మాటలకీ చాలా తేడా ఉంది.

పోయిన దసరా సెలవులకి మా అక్కయ్య కొడుకు వచ్చినప్పుడు మూడు లావుపాటి పుస్తకాలు తెచ్చి, “చెల్లీ, ఇవి మొదలుపెడితే ఫోన్ జోలికి పోవు” అని ఇచ్చి వెళ్లాడు. బ్రాండన్ శాండర్సన్ అనే అమెరికన్ రచయిత రాసిన ‘మిస్ట్‌బార్న్’ నవలలవి. ‘ద ఫైనల్ ఎంపైర్’ 2006లో, ‘ద వెల్ ఆఫ్ అసెన్షన్’ 2007లో, ‘ద హీరో ఆఫ్ ఏజెస్’ 2008లో వచ్చాయి. ఫోన్ విషయంలో వాడు చెప్పింది పూర్తిగా నిజం కాలేదనుకోండి. పుస్తకం మాత్రం తెరిచింది.

మీ ఇళ్లలో ఈ పుస్తకాలు లేకపోతే కథ రెండు ముక్కల్లో చెబుతాను. ఆకాశం నుంచి రోజూ బూడిద రాలే లోకం అది. సూర్యుడు ఎర్రగా ఉంటాడు. రాత్రయితే పొగమంచు కమ్ముకుంటుంది, జనం తలుపులు వేసుకుంటారు. లార్డ్ రూలర్ అనే చక్రవర్తి వెయ్యేళ్లుగా చావు లేకుండా పాలిస్తున్నాడు. అతని కింద స్కా అని పిలిచే పేద జనం వెట్టి చాకిరీ చేస్తుంటారు. విన్ అనే పదహారేళ్ల దొంగపిల్ల, కెల్సియర్ అనే మనిషి నడిపే ఒక ముఠాలో చేరుతుంది. కొందరికి లోహాలు మింగి వాటిని ఒంట్లో మండించుకునే శక్తి ఉంటుంది. ఉక్కు మండిస్తే లోహపు వస్తువుల్ని దూరంగా నెట్టగలరు, ఇనుము మండిస్తే దగ్గరికి లాగగలరు, తగరం మండిస్తే చూపూ వినికిడీ పదునెక్కుతాయి. కొట్లాటలు, చావులు బాగానే ఉన్నాయి, కాబట్టి చిన్న తరగతుల పిల్లలకి ఇప్పుడే ఇవ్వకండి.

బూడిద రాలే వర్ణన చదివి మా అమ్మాయి నవ్వింది. మా పాత ఊరు థర్మల్ స్టేషన్ పక్కనే. ఆరేసిన బట్టలు దులిపి లోపలికి తెచ్చుకోవడం తనకి కొత్త కాదు. “అమ్మా, ఇది మన ఊరే” అంది. అలా హాయిగా మొదలైన పుస్తకం నాలుగైదు అధ్యాయాలు దాటేసరికి ఆగిపోయింది.

కారణం కథ కాదు. ప్రతి అధ్యాయం మొదట్లో, అసలు కథకి ముందు, వాలు అక్షరాల్లో నాలుగైదు వాక్యాలు ఉంటాయి. వీటిని ఇంగ్లీషులో ఎపిగ్రాఫ్ అంటారు. ఈ పుస్తకంలో అవి ఎవరో ‘నేను’ అంటూ రాసుకున్న మాటలు. ఆ నేను ఎవరో చెప్పరు. టెర్రిస్ అంటాడు, రాషెక్ అంటాడు, డీప్‌నెస్ అంటాడు. కింద మొదలయ్యే కథలో విన్ ఏ సందులోనో దాక్కుని ఉంటుంది. పైన ఉన్న మాటలకీ దానికీ ఏ సంబంధమూ కనిపించదు. మా అమ్మాయి డిక్షనరీ తీసి డీప్‌నెస్ వెతికింది. ‘లోతు’ అని ఉంది. లోతు ప్రపంచాన్ని నాశనం చేయడమేమిటి, దాన్ని ఎవరో ఓడించడానికి వెళ్లడమేమిటి? ఆ పేజీలో పెన్సిల్ పెట్టి పుస్తకం మూసేసి, “నాకు ఇంగ్లీష్ రాదు కదమ్మా, ఇది నా వల్ల కాదు” అంది. ఆ తర్వాత రెండు వారాలు ఆ పుస్తకం టీవీ స్టాండు మీద అలాగే ఉంది.

నేను ఆ పుస్తకం తీసి ఆఫీసుకి వెళ్లేటప్పుడు మెట్రోలో చదవడం మొదలుపెట్టాను. నాదీ తెలుగు మీడియమే. ఇంగ్లీషు నెమ్మదిగా చదువుతాను, ఒక్కో వాక్యం రెండుసార్లు. నెమ్మదిగా చదివేవాళ్లకి ఒక లాభం ఉంది, ఏదీ దాటిపోలేరు. వారం గడిచేసరికి నాకొకటి తెలిసింది. ఆ వాక్యాలు అర్థం కాకపోవడం చదివేవాళ్ల ఇంగ్లీషు లోపం కాదు. అవి మొదటిసారికి అర్థం కాకూడదనే రచయిత అక్కడ పెట్టాడు. విషయం అతను దాచుకున్నాడు, అంతే. ఇంగ్లీషులోనే పుట్టి పెరిగిన పిల్లకి కూడా అక్కడ డీప్‌నెస్ అంటే ఏమిటో తెలియదు.

ఇది పిల్లలకి చెప్పి ఒప్పించడం అంత సులువు కాదు. వాళ్ల చదువంతా అన్‌సీన్ ప్యాసేజ్ పద్ధతిలో నడుస్తుంది. పేరా ఇస్తారు, కింద ఐదు ప్రశ్నలిస్తారు, ఐదింటికీ జవాబు ఆ పేరాలోనే ఉంటుంది. జవాబు కనిపించలేదంటే సరిగ్గా చదవలేదని లెక్క. పరీక్షకి అది న్యాయమే, నేను తప్పు పట్టను. కానీ ఆ అలవాటుతో నవల తెరిచిన పిల్ల ముందు, జవాబు మూడు వందల పేజీల తర్వాత ఉన్న పేరా పెడితే ఏం చేస్తుంది? ఒకరకం పిల్లలు దాన్ని వదిలేసి కథలోకి దూకుతారు. మా అమ్మాయిలాంటి వాళ్లు తమనే తప్పుపట్టుకుని పుస్తకం మూసేస్తారు.

ఇలా అధ్యాయం పైన ఏదో ఒకటి రాయడం పాత అలవాటే. చాలామంది రచయితలు పాత కవుల మాటలు తెచ్చి పెట్టేవారు. కుందేళ్ల కథ ‘వాటర్‌షిప్ డౌన్’ 1972లో వచ్చింది, అందులో అధ్యాయాల పైన వేరే రచయితల పుస్తకాల నుంచో పద్యాల నుంచో తీసిన ముక్కలు కనిపిస్తాయి. వాల్టర్ స్కాట్ అయితే తగిన మాట దొరకనప్పుడు తనే ఒకటి రాసి, కింద ‘పాత నాటకం నుంచి’ అని వేసేవాడు. ఆ ధైర్యం నాకు భలే నచ్చింది. తర్వాత వచ్చిన కల్పిత లోకాల కథల్లో ఇంకో అడుగు వేశారు. ఆ లోకంలోనే ఉన్న మనుషులు రాసిన పుస్తకాల నుంచి ముక్కలు తెచ్చినట్టు పెట్టారు. 1965లో వచ్చిన ‘డ్యూన్’లో అధ్యాయాల పైన ఇరులాన్ అనే రాకుమారి రాసిన గ్రంథాల నుంచి మాటలుంటాయి, ఆ రాకుమారి కథలోకి వచ్చేది మాత్రం చివర్లో. రాబిన్ హాబ్ రాసిన ‘ఫార్సీర్’ మూడు నవలల్లో కథ చెప్పే ఫిట్జే, పెద్దవాడయ్యాక తన రాజ్య చరిత్ర రాయబోతూ ప్రతి అధ్యాయం మొదట్లో ఒక పేరా రాస్తాడు. ఆ పేరాలో చరిత్ర ఉంటుంది, కింద అతని బతుకు ఉంటుంది.

మనకిది అంత పరాయి పద్ధతి కాదు. మా తాతయ్య కార్తీకమాసంలో నన్నయ గారి భారతం పైకి చదివేవారు. కొత్త ఆశ్వాసం మొదలవగానే కథ ఆగిపోయి, కవి రాజరాజనరేంద్రుణ్ణి పిలిచి మాట్లాడేవాడు. తిక్కన గారి పర్వాల్లో అయితే ఆ పిలుపు హరిహరనాథుడికి వెళుతుంది. పాండవుల కథ మంచి పట్టులో ఉండగా మధ్యలో ఈ రాజెవరని అడిగితే తాతయ్య, “కథ వినేవాడమ్మా. మనకంటే ముందు ఆయన వింటున్నాడు” అనేవారు. మళ్లీ భారతంలోనే ఆ కథ వైశంపాయనుడు జనమేజయుడికి చెబుతున్నది, దాన్నే సూతుడు నైమిశారణ్యంలో శౌనకాది మునులకి చెబుతున్నాడు. కథ పైన ఇంకో గొంతు, ఆ గొంతు పైన ఇంకోటి. ఇవన్నీ మనం ఇబ్బంది లేకుండా విన్నాం. తేడా ఒక్కటే. మన ఆశ్వాసం మొదట్లో పలికేదెవరో, వినేదెవరో మనకి తెలుసు. శాండర్సన్ ఆ పేరే దాచాడు. ఇదే మాట మా అమ్మాయికి చెప్పాను. “అంటే పైన ఒకళ్లు మాట్లాడుతున్నారు, ఎవరో మనం కనుక్కోవాలి, అంతేనా?” అంది. అంతే.

పుస్తకం చదవబోయే పిల్లల సరదా పాడుచేయకుండా మూడు పుస్తకాల్లో ఏముందో చెప్పడానికి ప్రయత్నిస్తాను. మొదటిదానిలో పైన ఉన్నవి ఒక డైరీలోని ముక్కలు. అది వెయ్యేళ్ల కిందటిది. లోకాన్ని కాపాడే వీరుడని అందరూ నమ్మిన ఒక మామూలు మనిషి, మంచుకొండల వైపు ప్రయాణిస్తూ తన భయాలు రాసుకుంటాడు. నేను నిజంగా వాళ్లనుకునేవాణ్ణేనా అన్న అనుమానం అతన్ని వదలదు. సామాను మోయడానికి వచ్చిన రాషెక్‌కి తనంటే ఎందుకంత ద్వేషమో అతనికి అర్థం కాదు. ఇదంతా మనం చదివేసిన కొన్ని అధ్యాయాలకి గానీ కథలోని మనుషులకి ఆ డైరీ దొరకదు. మరిచిపోయిన భాషలో ఉన్న దాన్ని సాజెడ్ అనే పండితుడు వాళ్ల కోసం అనువదిస్తాడు. అప్పుడు విన్ కూర్చుని, మనం ముందే చదివిన మాటలు చదువుతుంది. అది ఎవరి డైరీ అని వాళ్లు అనుకుంటారో మనమూ అదే అనుకుంటాం. అక్కడ నుంచి చివరి దాకా ఏమైందో నేను చెప్పను.

రెండో పుస్తకంలో పైన గొంతు మారిపోతుంది. డైరీ కాదు, లోహపు రేకు మీద చెక్కిన వాంగ్మూలం. మొదటి మాటలోనే, లోహంలో చెక్కనిదేదీ నమ్మదగ్గది కాదంటాడు రాసినవాడు. చదివినప్పుడు ఏదో చాదస్తపు ముసలాయన మాటలా అనిపిస్తుంది. పుస్తకం చివరికి వచ్చాక వెనక్కి తిరిగి ఆ వాక్యం చూడండి, ఒళ్లు జలదరిస్తుంది. నాకు అన్నిటికంటే నచ్చింది ఇంకొకటి. ఈ వాంగ్మూలం రాసింది, మొదటి పుస్తకపు డైరీలో నమ్మకద్రోహి అని పేరుపడ్డ మనిషే. అక్కడ అతని మీద నేరం చదివాం, ఇక్కడ అతని వైపు మాట వింటున్నాం. ఒక ఇంటి గొడవలో రెండు పక్షాలూ విన్నట్టు ఉంటుంది. ఇవన్నీ పక్కపక్కన పెట్టి చదివితే తెగకుండా సాగే ఒకే రచన అవుతుంది. అధ్యాయాలు దాన్ని ముక్కలు చేశాయి.

ఈ రెండో పుస్తకం గురించి ఒక మాట. మధ్యలో కొంత సాగదీసినట్టు ఉంటుంది. నగరాన్ని సైన్యాలు చుట్టుముట్టి ఉంటాయి, లోపల సభలు, చర్చలు, మళ్లీ చర్చలు. మొత్తం యాభై తొమ్మిది అధ్యాయాలు. మా అమ్మాయి అక్కడ నీరసపడింది. మీ పిల్లలూ పడితే కంగారు పడకండి, అది పుస్తకం చేసిన పనే.

మూడోదానిలో ఎనభై రెండు అధ్యాయాలు, చిన్నచిన్నవి. పైన మాట్లాడే మనిషి అన్నీ తెలిసినవాడిలా మాట్లాడతాడు. అందరూ ఎదురుచూసే ఆ వీరుడు తానేనని, అందులో సంతోషమేమీ లేనట్టు, మొదట్లోనే ఒప్పేసుకుంటాడు. పేరు మాత్రం చెప్పడు. కథలో మనకి తెలిసిన మనుషుల్లో ఇతనెవరు? ఆ ప్రశ్న చివరి దాకా ఉంటుంది. కొన్నిచోట్ల ఆ మాటలు లోహాల శక్తుల మీద ఫిజిక్స్ గైడులా సాగుతాయి, నాకు కాస్త విసుగొచ్చింది. మా అమ్మాయికి అవే ఎక్కువ నచ్చాయి.

ఇక మేము చదివిన తీరు. ఇంట్లో ఉన్నది ఒక్కటే ప్రతి కాబట్టి పగలు నాది, స్టడీ అవర్ అయ్యాక రాత్రి తనది. నా గుర్తుకి మెట్రో రసీదు, తన గుర్తుకి పాత టర్మ్ ఫీజు రసీదు. పైన ఉన్న మాటలు రాసుకోవడానికి ఒక రెండు వందల పేజీల నోటుబుక్కు పెట్టింది. ప్రతి అధ్యాయానిదీ తెలుగులో, తన మాటల్లో, రెండు లైన్లు. అర్థం కానిచోట అర్థం కాలేదనే రాసి, పక్కన ప్రశ్న గుర్తు. పదేసి అధ్యాయాలకి ఒకసారి ఆ పేజీలన్నీ వరసగా చదువుకునేది. విడివిడిగా తలాతోకా లేనివి, వరసగా చదివితే ఒక మనిషి అయ్యేవి. ఒకరోజు, “అమ్మా, ఈయనకి నిద్ర పట్టట్లేదు, ప్రతిసారీ భయం గురించే రాస్తున్నాడు” అంది. ఆ మాట ఏ వాక్యంలోనూ లేదు, తనే పట్టుకుంది. ప్రశ్న గుర్తుల్లో కొన్నిటికి తర్వాత టిక్కులు పడ్డాయి. కొన్ని రెండో పుస్తకం దాకా అలాగే ఉండిపోయాయి.

ఒక్క విషయంలో మాత్రం నేను గట్టిగా ఉన్నాను. ఈ పేర్లేవీ ఫోన్‌లో వెతకకూడదు. అభిమానులు రాసిన పేజీల్లో డైరీ ఎవరిదో, వాంగ్మూలం ఎవరిదో మొదటి లైనులోనే చెప్పేస్తారు. మనం అడిగే ప్రశ్నకంటే ముందే జవాబు తెర మీద పడుతుంది. నేను కూడా చెప్పలేదు. ముందు చదివి ఉండీ నోరు మూసుకోవడం ఎంత కష్టమో తల్లులకి వేరే చెప్పనక్కర్లేదు. లెక్క తప్పు చేస్తుంటే చూస్తూ ఊరుకోవడం లాంటిదే.

డిసెంబరులో ఒక చిన్న సంగతి జరిగింది. వాళ్ల క్లాసులో ఇంకో అమ్మాయి ఇదే మొదటి పుస్తకం చదివింది. నర్సరీ నుంచీ ఇంగ్లీష్ మీడియం, మాటలో తడుముకోవడమనేది లేదు. మా అమ్మాయికి ఆ పిల్లంటే అభిమానం, కొంచెం భయం కూడా. లంచ్ టైములో పుస్తకం గురించి మాటొచ్చి మా అమ్మాయి రాషెక్ గురించి అడిగితే, “రాషెక్ ఎవరు?” అందట. ఆ పిల్ల వాలు అక్షరాలన్నీ వదిలేసి చదివింది. అవి కథలో భాగం కాదనుకుంది. చివర్లో వచ్చిన మలుపు తనకి అర్థం కాలేదు కూడా. మా అమ్మాయి మర్నాడు ఆ నోటుబుక్కు స్కూలుకి పట్టుకెళ్లింది. తెలుగులో రాసి ఉందని మొదట సిగ్గుపడిందట. ఆ పిల్లకి తెలుగు చదవడం కాస్త కష్టం, అందుకని ఇద్దరూ కూర్చుని, ఒకరు తెలుగు చదివి చెబుతుంటే ఒకరు ఇంగ్లీషు పేజీ తీసి సరిచూశారు. మూడు లంచ్ బ్రేకులు పట్టిందట. నాకీ విషయం వారం తర్వాత, దోసెలు వేస్తుంటే మాటల్లో చెప్పింది, పెద్ద విశేషమేమీ కానట్టు.

ఆ తర్వాత తను ‘నాకు రాదు’ అనడం పూర్తిగా మానేసిందని చెప్పలేను. గ్రామర్ వర్క్‌షీట్ దగ్గర ఇప్పటికీ అంటుంది. కానీ మొన్న ఇంగ్లీష్ రీడర్‌లో ఒక పద్యం చదువుతూ, “రెండో పేరా ఇంకా అర్థం కాలేదు, చూద్దాం” అని పక్కన ప్రశ్న గుర్తు పెట్టి ముందుకి పోయింది.

పిల్లలకి పుస్తకం కొనేవాళ్లకి ఒక సూచన. ప్రతి నవలలోనూ ఈ పైమాటలకి ఇంత బరువుండదు. కొన్నిట్లో అవి అలంకారమే, వదిలేసినా కథకి నష్టం లేదు. అవి ఎవరి మాటలని రచయిత చెప్పాడో లేదో, ఒకే గొంతు మళ్లీమళ్లీ వస్తోందో లేదో ఐదారు అధ్యాయాల్లో తెలిసిపోతుంది. ఒకే గొంతయితే అది కథే. ఆడియో పుస్తకం వినే పిల్లలకి వాలు అక్షరాలు కనిపించవు, అధ్యాయం మొదట్లో ఒక్కసారి గొంతు మారే విషయం వాళ్లకి ముందే చెప్పి ఉంచాలి.

ప్రస్తుతం తను మూడో పుస్తకంలో నలభయ్యో అధ్యాయం దాటింది. నాది అయిపోయింది. ఆ పైన మాట్లాడేది ఎవరని ఇప్పటికి మూడు పేర్లు చెప్పింది, మూడింటికీ నోటుబుక్కులో కారణాలు రాసింది. నిన్న రాత్రి నాలుగో పేరు చెప్పి నా మొహంలోకి చూస్తూ నిలబడింది. నేను పోపు మాడిపోతుందని స్టవ్ వైపు తిరిగాను.